ఈసీజీ బాగుంది, మరి ఎకో ఎందుకు రాశారు?

ఛాతీలో పట్టేసినట్టుందనో, మెట్లెక్కితే ఆయాసం వస్తోందనో ఆసుపత్రికి వెళ్తే ముందు ఈసీజీ తీస్తారు. కాగితం చూసి ‘బాగానే ఉంది’ అంటూనే డాక్టరు 2డి ఎకో రాస్తారు. బాగున్నప్పుడు ఇంకో పరీక్ష దేనికి, బిల్లు పెంచడానికా అని బయట కూర్చున్న ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తుంది. అవసరం లేని పరీక్షలు రాసేవాళ్లు అసలు లేరని నేననను. కానీ ఈ రెండూ ఒకే సంగతిని రెండుసార్లు చూసే పరీక్షలు కావు. ఈసీజీ గుండెలోని కరెంటును చూస్తుంది. ఎకో ఆ గుండె రక్తాన్ని ఎలా తోస్తోందో చూస్తుంది. కరెంటు సక్రమంగానే ఉండి, తోసే బలం సగానికి పడిపోయి ఉండొచ్చు. కండరం దిట్టంగా ఉండి, కరెంటు గాడి తప్పడం వల్ల మనిషి నిమిషాల్లో పోవచ్చు. రిపోర్టుల్లో మనల్ని కంగారు పెట్టే మాటల్లో చాలావాటికి అర్థం ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధంలోనే దొరుకుతుంది.

గుండె నిర్మాణం బడిలో చదువుకున్నదే కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగను. పైన రెండు గదులు కర్ణికలు, కింద రెండు గదులు జఠరికలు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని కుడివైపు గదులు ఊపిరితిత్తులకు పంపుతాయి. అక్కడ ఆక్సిజన్ ఎక్కించుకుని వచ్చిన రక్తాన్ని ఎడమవైపు గదులు ఒళ్లంతటికీ పంపుతాయి. పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోయడానికి కుడి జఠరికకు 25 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి సరిపోతుంది. ఎడమ జఠరిక 120 దాకా పుట్టించాలి. బీపీ 120/80 అన్నప్పుడు పై అంకె వచ్చేది దాని పుణ్యమే. అందుకే దాని గోడ అంత మందం, అందుకే ఎకో రిపోర్టులో సగం రాత దాని గురించే.

గుండెను కొట్టుకోమని ఎవరు చెబుతారు? మెదడు అని చాలామంది అనుకుంటారు. గుండె మార్పిడి ఆపరేషన్‌ను చూస్తే అది నిజం కాదని తెలిసిపోతుంది. దాత గుండెను తీసేటప్పుడు దానికి వచ్చే నరాలన్నీ తెగిపోతాయి. అయినా కొత్త ఒంట్లో ఆ గుండె తనంతట తాను కొట్టుకుంటుంది. పైగా కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి 90, 100 సార్లు, అంటే మామూలు కంటే వేగంగా. మన ఒంట్లో వేగస్ అనే నరం గుండెను ఎప్పుడూ కాస్త అదిమి పట్టి ఉంచుతుంది, అది తెగితే ఆ పట్టు పోతుంది. మెదడు చేయగలిగింది వేగాన్ని పెంచడం, తగ్గించడం. టెన్షన్ పడితే దడ రావడం, గాఢ నిద్రలో నాడి నెమ్మదించడం దాని పనే. కొట్టుకోవడం మాత్రం గుండె సొంత వ్యవహారం.

గుండెను కొట్టుకునేలా చేసే కరెంటు స్పందన పుట్టే చోటు కుడి కర్ణిక పైభాగంలో, పైనుంచి పెద్ద సిర వచ్చి కలిసే దగ్గర ఉంది. ఎస్‌ఏ నోడ్ అంటారు. 1906 వేసవిలో ఇంగ్లండులోని కెంట్‌లో మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి, నేల తవ్వుకుని బతికే మోల్ అనే చిన్న జంతువు గుండెను మైక్రోస్కోపు కింద చూస్తూ దీన్ని పట్టుకున్నాడు. ఆయన గురువు ఆర్థర్ కీత్ ఆ సమయానికి భార్యతో కలిసి సైకిల్ మీద బయటికి వెళ్లారు, తిరిగొచ్చాక చూశారు. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి ప్రచురించారు.

అక్కడి కణాల ప్రత్యేకత ఏమిటంటే అవి ఊరికే ఉండలేవు. గుండె కండరంలోని మామూలు కణం లోపలి వోల్టేజీ, బయటితో పోలిస్తే, మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర నిలిచి ఉంటుంది. పక్క కణం కదిపేదాకా అది కదలదు. ఎస్‌ఏ నోడ్ కణం ఒక స్పందన ముగిసి మైనస్ 60 దాకా దిగగానే, దాని పొరలో కొన్ని మార్గాలు తెరుచుకుని సోడియం అయాన్లు మెల్లగా లోపలికి కారడం మొదలవుతుంది. వోల్టేజీ కొద్దికొద్దిగా పైకి జరుగుతుంది. మైనస్ 40 దగ్గరికి రాగానే కాల్షియం మార్గాలు తెరుచుకుని కొత్త స్పందన పుడుతుంది. మళ్లీ దిగడం, మళ్లీ కారడం. ఈ కారే వేగమే మన నాడి వేగం. గుండె వేగాన్ని తగ్గించడానికి కొందరికి ఇచ్చే ఇవాబ్రడిన్ మాత్ర సరిగ్గా ఆ సోడియం మార్గాల్నే కొంత మూస్తుంది.

ఇక్కడ పుట్టిన స్పందన రెండు కర్ణికల మీదా పాకుతుంది, అవి ముడుచుకుంటాయి. తర్వాత అది జఠరికల్లోకి దిగాలి. అయితే పై గదులకూ కింది గదులకూ మధ్య కరెంటు పారని పీచు పొర అడ్డంగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో ఆ పొరను దాటే దారి ఒక్కటే, ఏవీ నోడ్. ఆ దారి కావాలనే నెమ్మదిగా ఉంటుంది. మిగతా చోట్ల సెకనుకు అర మీటరు నుంచి మీటరు దాకా వెళ్లే స్పందన ఇక్కడ 5 సెంటీమీటర్ల వేగానికి పడిపోయి, సెకనులో పదో వంతు ఆగినంత పని చేస్తుంది. గుండె మొత్తంలో నాకు అన్నిటికంటే తెలివైన ఏర్పాటు ఈ ఆలస్యమే అనిపిస్తుంది. ఆ సమయంలో కర్ణికలు తమ దగ్గర మిగిలిన రక్తాన్ని కిందికి నెట్టేస్తాయి. రెండూ ఒకేసారి ముడుచుకుంటే నిండని జఠరిక వట్టిగా బిగుసుకోవడమే అయ్యేది.

ఏవీ నోడ్ దాటాక ఇక తొందరే. కట్టగా మొదలై కుడి, ఎడమ కొమ్మలుగా చీలి, చివరికి పర్కింజే తంతువులుగా జఠరికల లోపలి గోడంతా పరుచుకున్న దారుల్లో స్పందన సెకనుకు 2 నుంచి 4 మీటర్ల వేగంతో పరిగెత్తుతుంది. దాంతో జఠరిక కండరమంతా దాదాపు ఒకే క్షణంలో ముడుచుకుంటుంది. ఈ తంతువులను చెక్ శాస్త్రవేత్త పర్కింజే 1839లోనే గొర్రె గుండెలో చూశాడు గానీ, అవి దేనికో తెలియలేదు. జర్మనీలోని మార్బుర్గ్‌లో పనిచేసిన జపాన్ వైద్యుడు సునావో తవారా 1906లో ఏవీ నోడ్‌ను కనిపెట్టి, అక్కడి నుంచి ఈ తంతువుల దాకా దారి ఒక్కటేనని చూపించాకే అసలు కథ తెలిసింది.

ఎస్‌ఏ నోడ్ మూగబోతే ఏవీ నోడ్ ప్రాంతం నిమిషానికి 40 నుంచి 60 స్పందనలతో ఆ బాధ్యత తీసుకుంటుంది. అదీ పోతే కిందనున్న తంతువులు 20 నుంచి 40 ఇస్తాయి. ప్రాణం నిలుస్తుంది గానీ కళ్లు తిరుగుతాయి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతాడు. పెద్దవాళ్లకు పేస్‌మేకర్ పెట్టారని వింటామే, అది ఎక్కువగా ఈ దారులు పాడైనందుకే. రక్తనాళాల్లో బ్లాకులు వేరు, ఇది వేరు. ‘హార్ట్ బ్లాక్’ అన్నమాట రెండింటికీ వాడేస్తుంటాం కాబట్టి స్టెంట్ వేయాల్సిన చోట పేస్‌మేకర్ ఎందుకని గొడవపడేవాళ్లూ ఉంటారు. ఒంట్లో మొదటిసారి పేస్‌మేకర్ పెట్టించుకున్నది స్వీడన్‌కు చెందిన ఆర్నె లార్సన్, 1958 అక్టోబరు 8న. ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ దాన్ని బూటు పాలిష్ డబ్బా అచ్చుగా వాడి ఎపాక్సీలో పోతపోశాడు. అది కొన్ని గంటలకే ఆగిపోయింది. తర్వాత మార్చుకుంటూ మార్చుకుంటూ లార్సన్ 2001 దాకా, 86 ఏళ్లు బతికారు. ఆయన పోయింది కూడా గుండెజబ్బుతో కాదు, క్యాన్సర్‌తో.

ఇంతవరకూ చెప్పిందంతా కబురు మాత్రమే. అది కదలికగా మారేది కాల్షియం వల్ల. 1880ల తొలి ఏళ్లలో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి ప్రయోగాలు చేశాడు. గుండె గంటల తరబడి కొట్టుకుంది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ఉప్పునీటిని సహాయకుడు స్వేదనజలంతో కాకుండా లండన్ కుళాయి నీళ్లతో కలిపాడు. స్వేదనజలంతో కలిపి చూస్తే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్నది కాల్షియం. స్పందన తాకగానే కండర కణంలోకి కొద్దిగా కాల్షియం వస్తుంది, అది కణం లోపలే దాచి ఉన్న ఇంకా చాలా కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది, దాంతో కండరపు పోగులు ఒకదాని మీదికి ఒకటి జరిగి కణం పొట్టిదవుతుంది.

ఒకసారి స్పందించిన కణం సుమారు పావు సెకను దాకా మరో స్పందనకు లొంగదు. చేతి కండరాన్ని మనం బిగించి పట్టుకోగలం, గుండె కండరం అలా బిగుసుకుని ఉండిపోలేదు. ముడుచుకున్న ప్రతిసారీ వదలాల్సిందే. వదలకపోతే నిండదు.

వదలడం అంటే ఊరికే వదిలేయడం కాదు. విడుదలైన కాల్షియాన్ని తిరిగి లోపలికి తోడిపోయాలి, ఆ తోడడానికి ఏటీపీ అనే, కణాలకు శక్తినిచ్చే పదార్థం ఖర్చవుతుంది. కండరంలో శక్తి ఇలా ఫాస్ఫేటు రూపంలో నిల్వ ఉంటుందని తేల్చినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. గుండె రోజుకు సుమారు 6 కిలోల ఏటీపీని ఖర్చుపెట్టి మళ్లీ తయారుచేసుకుంటుందని అంచనా. చేతిలో ఉన్న నిల్వ మాత్రం కొన్ని సెకన్లకే సరిపోతుంది. గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోతే ఆ కండరం అంత త్వరగా చతికిలబడేది అందుకే.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండె ఒక్కసారి కొట్టుకోవడానికి పట్టేది 0.8 సెకను. అందులో జఠరిక ముడుచుకునేది సుమారు 0.3 సెకను, మిగతా అర సెకను నిండటానికే. ఆ నిండటంలోనూ ఎక్కువ భాగం రక్తం తనంతట తానే జారుతుంది, కర్ణికలు చివర్లో నెట్టేది 20 శాతం ఉంటుందేమో. నిండిన ఎడమ జఠరికలో దాదాపు 120 మిల్లీలీటర్లుంటాయి. ముడుచుకోవడం మొదలవగానే లోపలి ఒత్తిడి కర్ణికను దాటేసి, మధ్యనున్న మైట్రల్ కవాటం మూసుకుంటుంది. స్టెతస్కోపులో వినిపించే ‘లబ్’ అప్పటిది. కాసేపు అన్ని తలుపులూ మూసే ఉంటాయి, ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. అది బృహద్ధమనిలోని ఒత్తిడిని మించగానే పై కవాటం తెరుచుకుని 70 మిల్లీలీటర్లు బయటికి చిమ్ముతాయి. ఆ కవాటం మళ్లీ మూసుకున్నప్పుడు ‘డబ్’. జఠరిక కేవలం నలువైపుల నుంచీ నొక్కదు. దాని కండరపు పోగులు ఏటవాలుగా చుట్టుకుని ఉండటంతో అడుగు ఒకవైపు, పైభాగం ఇంకోవైపు తిరిగి, తడి బట్టను పిండినట్టు మెలిపడుతుంది. వదిలినప్పుడు ఆ మెలి విడిపోయే ఊపుకే కొంత రక్తం లోపలికి లాక్కోబడుతుంది.

ఆ అర సెకను విరామంలో ఇంకో పని కూడా జరుగుతుంది. ఎడమ జఠరిక గోడకు రక్తం అందేది ప్రధానంగా అప్పుడే, ముడుచుకున్నప్పుడు దాని లోపలి నాళాలు నలిగిపోయి ఉంటాయి. గుండె వేగం పెరిగితే ముడుచుకునే సమయం పెద్దగా తగ్గదు, తగ్గేది విరామం. అంటే పని ఎక్కువైనప్పుడే గుండెకు తిండి తినే సమయం తక్కువవుతుంది. బ్లాకులున్నవాళ్లకు నడిస్తేనే నొప్పి రావడానికి, వాళ్లకు వేగం తగ్గించే మాత్రలు ఇవ్వడానికి ఇదొక పెద్ద కారణం.

ఇప్పుడు ఈసీజీ గీత దగ్గరికి వద్దాం. మన ఒళ్లు ఉప్పునీటి మయం కాబట్టి గుండెలోని కరెంటు చర్మం దాకా పాకుతుంది, ఒక మిల్లీవోల్టు స్థాయిలో. లండన్‌లో అగస్టస్ వాలర్ 1887లో దాన్ని మొదటిసారి మనిషి ఒంటి మీద కొలిచాడు. తన బుల్‌డాగ్ జిమ్మీ కాళ్లను ఉప్పునీటిలో పెట్టి ప్రదర్శన ఇస్తే జంతుహింస అంటూ పార్లమెంటులో ప్రశ్న కూడా వచ్చింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విలెమ్ ఐంథోవెన్ తయారుచేసిన యంత్రం బరువు 270 కిలోల వరకు ఉండేది, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి చేతులు, కాలు ఉప్పునీటిలో పెట్టుకుని కూర్చునేవాడు. గీతలోని మలుపులకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అన్న పేర్లు ఆయనవే. 1924లో నోబెల్ వచ్చింది.

మొదటి చిన్న గుబ్బ పీ, కర్ణికల మీద స్పందన పాకడం. తర్వాత కాసేపు చదునుగా కనిపించే ముక్క ఏవీ నోడ్‌లో జరిగే ఆ ఆలస్యం. నిటారుగా లేచే క్యూఆర్ఎస్ జఠరికల్లో స్పందన వ్యాపించడం, చివరి టీ ఆ కణాలు మళ్లీ సిద్ధపడటం. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. రెండు శిఖరాల మధ్య ఎన్ని పెద్ద గడులున్నాయో లెక్కపెట్టి 300ను దాంతో భాగిస్తే నాడి వేగం వచ్చేస్తుంది.

గీతలోని ఆ ఎత్తైన శిఖరం గుండె రక్తం చిమ్మిన క్షణం కాదు. చిమ్మమని కబురు అందిన క్షణం. రక్తం బయటికి పోవడం శిఖరం తర్వాత మొదలై టీ ముగిసే వేళకు పూర్తవుతుంది. ఐసీయూ మానిటర్ ‘బీప్’ మనేది కూడా కబురు చూసే. ఆ కబురు అందుకున్న కండరం పని చేసిందా లేదా అన్నది మానిటర్‌లోని ఈ గీతకు తెలియదు. విపరీతంగా రక్తం పోయినప్పుడో, ఊపిరితిత్తుల నాళంలో పెద్ద గడ్డ ఇరుక్కున్నప్పుడో గీత చక్కగా నడుస్తూ ఉండి, మెడ దగ్గర నాడి మాత్రం దొరకని పరిస్థితి నిజంగానే వస్తుంది.

ఇదే సంగతి చిన్న స్థాయిలో మనలో చాలామంది అనుభవిస్తారు. గుండె ఒక్క క్షణం ఆగి ‘ధన్’ మని కొట్టినట్టు అనిపిస్తుందే, అది. జఠరికలో ఎక్కడో ఒక స్పందన ముందుగా పుడుతుంది. అప్పటికి గది నిండలేదు కాబట్టి ఆ దెబ్బకు చేతి నాడి దగ్గర ఏమీ తెలియదు. తర్వాత మామూలు కంటే ఎక్కువ విరామం, ఆ విరామంలో గది బాగా నిండుతుంది, సాగిన కండరం గట్టిగా ముడుచుకుంటుంది. మనల్ని భయపెట్టేది ఆ గట్టి దెబ్బ, కానీ అది ఆరోగ్యంగా కొట్టుకున్నదే. గుండె నిర్మాణం బాగున్నవాళ్లలో అప్పుడప్పుడు వచ్చే ఇలాంటివి సాధారణంగా ప్రమాదం కాదు. దాంతోపాటు కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా సంగతి వేరు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికలు నిమిషానికి 350కి పైగా అస్తవ్యస్తపు స్పందనలతో వణుకుతాయి. ఏవీ నోడ్ వాటిలో చాలావాటిని ఆపేస్తుంది కాబట్టి మనిషి బతికి నడుస్తుంటాడు. చివరి ఆ 20 శాతం నెట్టడం పోతుంది, అందుకే వయసు మళ్లినవాళ్లకు ఆయాసం. అసలు ప్రమాదం ఇంకోటి. ముడుచుకోని ఎడమ కర్ణిక మూలలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. గుండె జబ్బుకు రక్తం పలచబడే మందు దేనికని విసుక్కునేవాళ్లకు సమాధానం అదే.

అదే వణుకు జఠరికల్లో వస్తే సమయం నిమిషాల్లోనే. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫిన్లాండ్‌తో మ్యాచ్ ఆడుతూ డెన్మార్క్ ఫుట్‌బాలర్ క్రిస్టియన్ ఎరిక్సన్ ఎవరూ తగలకుండానే కుప్పకూలాడు. కార్డియాక్ అరెస్ట్. మైదానంలోనే సీపీఆర్ చేశారు, షాక్ ఇచ్చారు, లేచాడు. అవసరమైతే తనే షాక్ ఇచ్చేలా ఒంట్లో అమర్చిన చిన్న డీఫిబ్రిలేటర్‌తో మరుసటి ఏడే మళ్లీ పెద్ద లీగ్‌లో ఆడాడు. హార్ట్ ఎటాక్ అంటే నాళం మూసుకుని కండరం చచ్చిపోవడం, ఆ మనిషి చాలాసార్లు మాట్లాడుతూనే ఉంటాడు. అరెస్ట్ అంటే గుండె రక్తాన్ని తోయడం పూర్తిగా ఆగిపోవడం, అతను వెంటనే స్పృహ తప్పుతాడు. మొదటిది రెండోదానికి దారి తీయొచ్చు. అరెస్ట్ అయితే 108కి ఫోన్ చేస్తూనే ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. గుండె మానేసిన తోపును మన చేతులు చేయడమే అది. సినిమాల్లో గీత చదునైపోగానే షాక్ ఇస్తుంటారు, నిజంగా అయితే చదును గీతకు షాక్ పనికిరాదు. షాక్ చేసేది వణుకుతున్న కణాలన్నిటినీ ఒక్కసారి ఆపడం, ఎస్‌ఏ నోడ్ మళ్లీ అందుకుంటుందన్న ఆశతో. ఆపడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా.

కరెంటు దారి తప్పితే బతికున్న కండరం కూడా వట్టిపోతుందనడానికి లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ మంచి ఉదాహరణ. ఎడమ కొమ్మ తెగితే స్పందన కుడి నుంచి కండరం మీదుగా నెమ్మదిగా పాకుతుంది. ఈసీజీలో క్యూఆర్ఎస్ 0.12 సెకను కంటే వెడల్పవుతుంది. జఠరిక ఒక గోడ ముందు ముడుచుకుంటే ఎదుటి గోడ సాగుతుంది, అది ముడుచుకునేసరికి మొదటిది వదిలేస్తుంది. రక్తం లోపలే అటూ ఇటూ ఊగుతుంది. పంపింగ్ బాగా తగ్గిన ఇలాంటి కొందరికి మూడు తీగల పేస్‌మేకర్ పెట్టి రెండు గోడలనూ ఒకేసారి కదిలిస్తే, కొత్తగా ఒక్క కణం పుట్టకుండానే పంపింగ్ మెరుగుపడుతుంది.

పంపింగ్ ఎంతో చెప్పే అంకే ఎకో రిపోర్టులోని ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్), అంటే నిండిన రక్తంలో ఎంత శాతం బయటికి పోయిందన్నది. 120లో 70 బయటికి పోతే 58 శాతం. 60 ఉందంటే 40 శాతం గుండె పాడైందని బెంగపడేవాళ్లను చూస్తుంటాం. ఏ గుండే మొత్తం ఖాళీ చేయదు, 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలే. 35కి పడిపోతే మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. అంత తక్కువున్నా ఈసీజీలో ఏ ఒక్క గుర్తూ చూసి ఆ అంకె చెప్పలేం, ఎకో కావాల్సింది అక్కడే. అలాగని ఎకో అన్నీ చెప్పదు. నాళంలో 70 శాతం బ్లాకున్న మనిషికి కూర్చున్నప్పుడు ఈసీజీ, ఎకో రెండూ బాగానే రావొచ్చు. కండరానికి రక్తం చాలడం లేదన్నది శ్రమ పెడితేనే బయటపడుతుంది. టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష)లో పరిగెత్తించేది అందుకు. నొప్పి వస్తుంటే ఒక్క ఈసీజీతో ఇంటికి పంపకుండా మళ్లీ తీయడం, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను చూడటం కూడా అందుకే.

ఇంకో మాట యాభై దాటినవాళ్ల రిపోర్టుల్లో తరచుగా కనిపిస్తుంది, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అని. ఈఎఫ్ 60 ఉండి కింద ఈ లైను చూసి నిద్రపోనివాళ్లున్నారు. దాని అర్థం ముడుచుకోవడం బాగుంది, వదలడం కాస్త నెమ్మదించిందని. వయసుతో, చాలాకాలంగా ఉన్న బీపీతో, షుగర్‌తో కండరం బిరుసెక్కితే ఇలా రాస్తారు. ఆయాసం, కాళ్ల వాపు లేకుండా ఆ ఒక్క లైనే ఉంటే అది చాలామటుకు బీపీని అదుపులో పెట్టుకోమన్న సూచన. ఆయాసం కూడా ఉంటే ‘ఈఎఫ్ బాగుంది కదా’ అని సరిపెట్టుకోకూడదు. నిండలేని గుండె ఎంత బాగా పిండినా బయటికిచ్చేది తక్కువే, ఆ వెనక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది.